ఫోన్ల సదాశివ నోట రాని మాట

గౌలిపురలో సదాశివ ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు. ఫోన్ల సదాశివ అనండి, చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెడతారు. కరెంటాఫీసు గుమాస్తాగా రిటైరైన ఈయన ఫోన్ల గురించి ఎక్కడా చదువుకోలేదు. వాడకట్టులో అందరికంటే ముందు టచ్ ఫోన్ కొన్నాడు, అదే ఆయన డిగ్రీ. పొద్దున చాయ్ తాగి అరుగు మీద కూర్చుంటే తొమ్మిదింటిదాకా రోగులే.

ఏ రోగానికైనా ఆయన మందు ఒకటే, బందు చేసి మళ్లీ చాలూ చేయడం. దానికీ లొంగకపోతే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కంపెనీ లోపం అనేవాడు. బర్రెల రాజన్న తన ఫోన్ వేలికి కదలట్లేదని వస్తే, పాలచెయ్యి తుడుచుకొమ్మని చెప్పి ఒక్కరోజులో మహావైద్యుడైపోయాడు. పన్నెండేళ్లలో "తెలియదు" అన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. అన్ననాడు అరుగు ఖాళీ అయిపోతుందని, తనను అడిగే నాథుడుండడని పాపం ఆయన భయం.

మొన్న దసరా ఆయుధపూజకు వాడకట్టంతా కత్తిపీటలు, స్కూటర్లతో పాటు ఫోన్లనూ వరసగా పెట్టింది. ఫోన్‌కు బొట్టు ఏడ పెట్టాలని అడిగితే సదాశివ తడుముకోలేదు.

"మొఖం దిక్కు, పైన. అదే దాని నొసలు."

గంధం, కుంకుమ దట్టంగా పడ్డాయి. పండగ బొట్టు చెరపకూడదు కనుక ఎవరూ చెరపలేదు.

మరునాటి నుంచి ఒకటే లొల్లి. మాట్లాడటం మొదలుపెట్టగానే తెర నల్లబడుతోంది, ఏం చేసినా వెలగదు. అందరికంటే నిండా మునిగింది ఎదురింటి రుక్మిణమ్మ. వియ్యపురాలితో తేనెలొలికేలా మాట్లాడి, తెర నల్లబడింది కదా, కాల్ అయిపోయిందనుకుని, "ఆమె గారెతోని కొడితే కుక్క సస్తది" అంది. అవతల వియ్యపురాలు వింటూనే ఉంది.

రుక్మిణమ్మ తన ఫోన్ సదాశివ ఒళ్లో పడేసింది. "పొద్దుమూకే లోపల సంగతేందో చెప్పన్నా. లేకుంటే కిషన్‌బాగ్‌ల ఫోన్ల దుకాన్లకు పోత. నేను పోతే అందరు నా ఎంటనే వస్తరు."

సదాశివ ఆ ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. బందు చేశాడు, చాలూ చేశాడు, ఛార్జరు మార్చాడు, చివరికి ఉప్పుతో దిష్టి కూడా తీశాడు. ఏం లాభం లేదు. సాయంత్రం రుక్మిణమ్మ పాలకు వెళ్లే వేళ చూసి, తన ఫోన్ నుంచి రాజన్నకు కాల్ చేశాడు.

"రాజన్నా, రుక్మిణమ్మకు చెప్పు. రోగం దొరికింది. సాఫ్ట్‌వేర్‌ల వాపు. రెండు దినాలల్ల తగ్గుతది, ఫికర్ చెయ్యొద్దను."

తెర నల్లబడి ఉంది. ఫోన్ పక్కన పెట్టి భార్య రమాబాయి వైపు తిరిగాడు.

"నాకేం తెల్వదు రమా. ఇయాళ కాదు, ఎన్నడు తెల్వలే. ఇన్నేండ్లు గిట్లనే నెట్టుకొచ్చిన."

రమాబాయి పప్పుకు పోపు పెడుతూ తాపీగా అంది. "నా ఫోన్ మంచిగనే ఉంది. నేను బొట్టు వెనక పెట్టిన. మీరు చెప్పిన కాడ పెట్టినోళ్లవే ఖరాబైనయి. దానికి ఆడనే కండ్లున్నయేమో, మూసేసిన్రు."

సదాశివ నోరెళ్లబెట్టి తన ఫోన్ తీశాడు. దానికీ నిండుగా బొట్టు. రమాబాయి కొంగుతో తుడిచింది. తెర భగ్గున వెలిగింది. దాని మీద రాజన్న పేరు, ఇంకా నడుస్తున్న కాల్.

పాలు పితికేటప్పుడు చేతులు ఖాళీ ఉండవని రాజన్న ఫోన్ ఎప్పుడూ మేకుకు వేలాడుతూ స్పీకర్‌లోనే మాట్లాడుతుంది. చెంబులు పట్టుకుని నిలబడ్డ పదిమందీ విన్నారు.

"విన్నమన్నా," అన్నాడు రాజన్న ఫోన్‌లోంచి. "అందరు తుడుసుకుంటున్రు."

సిగ్గుతో రెండు రోజులు సదాశివ అరుగు మీదికి రాలేదు. రుక్మిణమ్మ ఫోన్ తుడిచి రమాబాయి చేతే పంపించాడు. మూడో పొద్దున రుక్మిణమ్మే వచ్చి తలుపు కొట్టింది.

"దుకాన్లకు పోలేదా చెల్లె?" అన్నాడు నేల చూస్తూ.

"పోయిన. వియ్యపురాలు నన్ను బ్లాక్ చేసింది, ఎట్ల తీపియ్యాలె అని అడిగిన. ఆ దుకానాయనకన్ని తెలుసు. నేనడిగిన మాట మాటకు నవ్విండు. నువ్వు తెల్వకున్నా ఎన్నడు నవ్వలే."

సదాశివ గడప దాటాడు. వచ్చి అరుగు మీద కూర్చుని ఆమె ఫోన్ అందుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"తెల్వదు చెల్లె," అన్నాడు.

"సరే, ఇద్దరం చూద్దాం" అని రుక్మిణమ్మ పక్కనే కూర్చుంది.