పిలుపు అందలేదన్న మాట

మా చెల్లెలి భర్త కొడుకు పుట్టువెంట్రుకలకు నన్ను సరిగ్గా పిలవలేదని రామన్నపేటలో మా వాళ్లంతా ఇప్పటికీ నమ్ముతారు. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం. ఆయన మహబూబ్‌నగర్ నుంచి బస్సెక్కి వచ్చి, నాకు బొట్టు పెట్టి, మా ఇంట్లో అన్నం తిని మరీ పిలిచి వెళ్లాడు.

మాలో పుట్టువెంట్రుకలకు మేనమామే మొదటి కత్తెర వేయాలి. బేసి సంవత్సరంలో తప్పితే తీయరు. మేనల్లుడికి మొదటి ఏట నేను పోలేదు. మూడో ఏటా పోలేదు.

నార్కట్‌పల్లి దాటితే నాకు ఊపిరాడదు. అక్కడిదాకా ఏ దవాఖాన ఎక్కడుందో తెలుసు. ఆపైన, బస్సులో గుండె ఆగితే ఎవరు దింపుతారు? ఎక్కడికి మోసుకుపోతారు? డాక్టర్లు చూసి ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే చేతులు ఎందుకు చల్లబడుతున్నాయని ఇంకో భయం పట్టుకుంది. రెండుసార్లూ నార్కట్‌పల్లిలో దిగి వెనక్కి వచ్చాను. భయమని చెప్పుకోలేక, "ఫోన్ల చెప్తె పిలుపైతదా?" అన్నాను. అందరూ నా వైపే మాట్లాడారు.

ఐదో ఏట మేనల్లుడే ఫోన్ చేశాడు.

"మామా, బడిల నన్ను పిల్ల అంటున్నరు. అమ్మ జడేసి పంపుతాంది. నువ్వొస్తెనే కోస్తరంట. వస్తవా, రావా?"

వస్తానన్నాను. నార్కట్‌పల్లిలో బస్సు ఆగగానే నా కాళ్లు వాటంతటవే తలుపు దగ్గరికి నడిచాయి. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

"దిగుతవా, కూసుంటవా పెద్దమనిషీ? నడిమిట్ల నిలవడితె ఎట్ల?" అన్నాడు కండక్టర్.

కూర్చున్నాను. ధైర్యం వచ్చి కాదు. దిగితే వాడికి మళ్లీ ఏం చెప్పాలో తోచక. నల్గొండ, దేవరకొండ, కల్వకుర్తి. ఊరు దాటిన ప్రతిసారీ చచ్చిపోతాననుకున్నాను. నాడి చూసుకుంటూ మణికట్టు మీది వేలు తీయలేదు.

నన్ను గుమ్మంలో చూసి చెల్లెలి భర్త నవ్వాడు. "ఈసారన్న పిలుపు మంచిగ అందిందా బావా?"

అంటే నేనన్న మాటలన్నీ ఆయన దాకా వచ్చాయన్నమాట. వాళ్ల చుట్టాలంతా నా వైపు చూస్తున్నారు.

"పిలుపు ప్రతిసారి అందింది బావా. నాకే బస్సంటె భయం. నీ మీదికి నెట్టిన."

ఆయన మేనత్త, "బస్సుకు భయమా? గింత మీసం పెట్టుకొని!" అంది. ఇల్లంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. కత్తెర నా చేతిలో పెట్టి, "గీ ముక్క అప్పుడే చెప్తె నేనే వచ్చి తోల్కొస్తుంటిని గదా" అన్నాడు.

కత్తెర పట్టుకొని పీట మీద కూర్చున్నాను.

వాడు నా ఒళ్లో కూర్చున్నాడు. జడ విప్పి కత్తెర తెరిచాను.

"అన్నా, చెవు పైలం, తెగుతది" అంది చెల్లె.

సాయంత్రం తిరుగు బస్సు ఉందన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. గుండె మళ్లీ మొదలెట్టింది.

"మామా, జల్ది కొయ్యి" అన్నాడు వాడు.

కోశాను.