అక్క చెప్పిన జవాబు

ఆ కుట్టుమిషను పిల్లను వీధిలో అందరూ మూగమ్మ అనేవారు. నిజానికి ఆమెకు నోరుంది, బాగానే ఉంది. తల్లి పోయిన నాటి నుంచి దానికి పనిపడనివ్వనిది అక్క. బళ్లో పంతులమ్మ అడిగినా, కాబోయే మొగుడు అడిగినా జవాబు అక్కదే. తను ఎవరిని చేసుకుంటున్నాడో ఆ మానవుడికి చాలాసేపు అంతుపట్టలేదట.

కడుపుతో ఉన్న ఆరో నెలలో ఒక ఉదయం, కర్టెన్ల అంచులు మడిచి కుడుతుండగా ఆమెకు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. మధ్యాహ్నానికి అది కుడివైపు పైకి, పక్కటెముకల దగ్గరికి పాకింది. వాంతులయ్యాయి. మొగుడు లారీ వేసుకుని ఎక్కడో దూరాన ఉన్నాడు. అక్క పరుగున వచ్చి పొత్తికడుపు కుడివైపు నొక్కి చూసింది.

"ఇక్కడ నొప్పి లేదుగా? అయితే అపెండిక్స్ కాదులే. బిడ్డ తంతోంది."

అక్క తేల్చేశాక ఇక మాటేముంది? చెల్లెలు పళ్లు బిగించి మళ్లీ మిషను తొక్కింది.

సాయంత్రం జ్వరం వచ్చాక గానీ ఆసుపత్రికి కదల్లేదు. స్కానింగ్ అయ్యాక సర్జనమ్మ వరండాలో అక్కతో చాలాసేపు మాట్లాడింది. అక్క లోపలికొచ్చి చెల్లెలి నుదురు తుడిచింది.

"మందులతోనే తగ్గిపోతుందంట. కోత అక్కర్లేదంది డాక్టరమ్మ."

కాసేపటికి సర్జనమ్మ తనే మంచం దగ్గరికి వచ్చింది. "మీ అక్క అన్నీ చెప్పారుగా? మందులతోనే చూద్దామంటారా?"

చెల్లెలు అక్క వంక చూసింది. అక్క తలూపింది. చెల్లెలూ ఊపింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చేసిందల్లా అదే.

తెల్లారేసరికి అపెండిక్స్ పగిలింది. ఉన్నపళంగా ఆపరేషన్ చేశారు. ఆమె బతికింది, బిడ్డ దక్కలేదు.

మూడోనాడు సర్జనమ్మ పక్కన కూర్చుంది. "కడుపు పెరిగేకొద్దీ అపెండిక్స్ పైకి జరుగుతుంది, అందుకే మీకు నొప్పి అంత పైన. వెంటనే తీసేస్తే బిడ్డకు భయం తక్కువ, పగిలితేనే ముప్పని మీ అక్కకు చెప్పాను. మీరే ఆపరేషన్ వద్దన్నారని ఆవిడ చెప్పారు. ఆ వద్దన్న మాట మీ నోటే వినాల్సింది నేను. తప్పు నాది కూడా."

ఆమె కుట్ల నొప్పి ఒక్కసారిగా మరిచిపోయింది. తను అనని మాట అది. తన ప్రాణం గురించి, తన బిడ్డ గురించి, తన పేరు మీద అక్క ఆడిన మాట.

"మత్తిస్తే బిడ్డ పోతుందని భయపడి చచ్చానే," గుమ్మంలో నిలబడిన అక్క బావురుమంది. "దాని కోసమే చేశానే."

ఆ మాట నిజమేనని చెల్లెలికి తెలుసు. అక్క ఈ బిడ్డను తనకంటే ఎక్కువ కోరుకుంది. నిజమైనంత మాత్రాన మంట తగ్గలేదు. భయమేస్తే భయమని చెప్పొచ్చుగా, తనను ఒక్క మాట అడగొచ్చుగా. ఇన్నేళ్లూ నోరు అప్పగిస్తే, దాంతోనే తన గొంతు కోసింది.

మర్నాడు సర్జనమ్మ రౌండ్సుకు వచ్చి, "నొప్పి ఎలా ఉంది?" అని అడిగింది.

"పర్లేదండీ, తగ్గింది," అంది అక్క, అలవాటు కొద్దీ.

"తగ్గలేదు," అంది చెల్లెలు. చాలా రోజులకు వాడిన గొంతు, బొంగురుగా వచ్చింది. "నన్నడగండి డాక్టర్ గారూ. ఆవిణ్ణి బయటికి పంపించి అడగండి."