మేకుకు వేలాడే కళ్ళజోడు

మేస్త్రమ్మ వెల్డింగు షెడ్డులో మిషను తిప్పాలంటే ముందు కళ్ళజోడు తియ్యాలి. ఆ ఏర్పాటు ఆవిడదే. స్విచ్చిబోర్డు పైన ఒక మేకు కొట్టి, దళసరి అద్దాల కళ్ళజోడు తగిలించింది. అది సరిగ్గా గ్రైండింగు మిషను స్విచ్చికి అడ్డంగా వేలాడుతుంది. చేతిలోకి వచ్చినదాన్ని ముఖానికి పెట్టుకోక ఏం చేస్తారు? నీతి శాస్త్రాలు రాసినవాళ్ళు సంపుటాలకు సంపుటాలు నింపారు గానీ, మనిషికి బుద్ధి చెప్పడం కంటే చేతికి అడ్డం పెట్టడం సులువని కనిపెట్టింది ఇలాంటివాళ్ళే.

ఈ తెలివి ఊరికే రాలేదు. పదహారేళ్ళ కిందట ఆవిడ భర్త ఒక గేటు అంచు నునుపు చేయబోతూ, "ఒక్క నిమిషం పనేగా" అని అద్దాలు లేకుండా కూర్చున్నాడు. రవ్వ ఎగిరి ఎడమ కంట్లో పడింది. ఆ కన్ను మళ్ళీ వెలుగు చూడలేదు. ఆయన షెడ్డు ముందు కుర్చీలోకి మారాడు, ఆవిడ వంటింట్లోంచి మిషను దగ్గరికి మారింది. ఆయన సరదా మాత్రం ఎక్కడికీ పోలేదు. "రెండో కన్ను మీ అత్తకి భయపడి ఉండిపోయిందమ్మా," అంటాడు కోడలితో.

ఆ కోడలు వచ్చి మూడేళ్ళు. పని అత్త దగ్గరే నేర్చింది. అతుకు ఆనవాలు లేకుండా రుద్దడంలో ఇప్పుడు అత్తనే మించింది. చెబితే నమ్మేవాళ్ళే లేరు. షెడ్డులో టీలు అందిస్తుందనే పుట్టింటివాళ్ళ అభిప్రాయం. అందుకే పాట వీడియో తీసేవాళ్ళు వచ్చి షెడ్డు ఒక పూటకి ఇమ్మంటే, అడ్డుచెప్పబోయిన అత్తని పట్టుకుని బతిమాలింది.

"నేను పని చేస్తుంటే తీస్తారట అత్తయ్యా. మా అమ్మ ఒక్కసారి చూస్తే చాలు."

మేస్త్రమ్మ మెత్తబడింది. ఆ మెత్తదనానికి తర్వాత తనను తాను తిట్టుకోని రోజు లేదు.

ఎక్కడ తీసినా పాటల వీడియోలన్నీ ఒక తల్లి పిల్లలే. నేల తడిసి ఉండాలి, దీపాలు అందులో మెరవాలి; వాన ఎప్పుడు పడిందని ఎవరూ అడగరు. పొగ ఉంటుంది, పొయ్యి ఉండదు. పాడే మనిషి గుమ్మం దాటేలోగా మూడు జతల బట్టలు మారతాయి. వెనకాల ఒక కష్టజీవి నవ్వకుండా సూటిగా చూడాలి, అదీ రెండు సెకన్లే. మూడో సెకనుకి చూసేవాడికి విసుగొస్తుందట. పక్కన నిప్పురవ్వలు రాలాయా, ఇక అది కళే.

వాళ్ళు వస్తూనే బకెట్లతో నేల తడపబోయారు. మేస్త్రమ్మ బకెట్టు లాక్కుంది.

"కరెంటు మిషన్లున్న చోట నీళ్ళు పోస్తావా? బుద్ధుందా నీకు?"

"లుక్కు కోసం మేడం," అన్నాడు డైరెక్టరు.

"ఆ లుక్కేదో మీ ఇంట్లో పోసుకో."

నేల పొడిగానే మిగిలింది. తర్వాత తెల్లగా ఉన్న గోడకి మసి పూశారు. కోడలి బుగ్గలకీ పూశారు.

"ఏం, మురిగ్గా ఉంటేనే పని చేసినట్టా?" అంది మేస్త్రమ్మ పళ్ళు కొరుకుతూ.

"నాక్కూడా కాస్త పూయించవే, పడుచువాడిలా ఉంటాను," అన్నాడు కుర్చీలోంచి భర్త.

"మీరు నోరు మూసుకోండి."

ఇంతలో డైరెక్టరు అసలు సంగతి చల్లగా బయటపెట్టాడు. "కళ్ళజోడు వద్దమ్మా. ఫీలింగంతా కళ్ళలోనే కదా ఉండేది."

"తియ్యదు."

"ఒక్క షాటేనమ్మా."

"తియ్యదన్నాను. నీ పాట లేకపోయినా మాకు గడుస్తుంది. కళ్ళు లేకపోతే గడవదు."

"సరేనమ్మా," అని తలూపాడు. తలూపినవాడల్లా ఒప్పుకున్నట్టు కాదని ఆవిడకి తెలియనిది కాదు. కానీ అప్పుడే ఎవరో కిటికీ ఊచల కోసం వస్తే, చూపించడానికి పెరట్లోకి వెళ్ళింది.

అక్కడికి పాట వినిపించింది. పాట కాదు, సీసాలో పడిన దోమ.

"ఇదేం గొంతండీ?" అని భర్తని కేకేసి అడిగింది.

"రెండింతల వేగంతో వేస్తారటే. ఆ పాడే పిల్ల కూడా అంతే వేగంగా పెదాలాడిస్తూ గిరగిరా తిరుగుతుంది. తర్వాత బొమ్మని నెమ్మది చేస్తే పెదాలు పాటతో కలుస్తాయి, రవ్వలేమో దూదిపింజల్లా తేలుతూ పడతాయి. నాకంతా చెప్పార్లే."

ఆ దోమ రొద కింద మిషను చప్పుడు కూడా వినబడింది. లోపలికి వస్తూనే, పదహారేళ్ళ అలవాటు కొద్దీ, ముందు స్విచ్చిబోర్డు వైపు చూసింది.

కళ్ళజోడు మేకుకే ఉంది. మిషను తిరుగుతోంది.

ఈ రెండూ ఒకేసారి ఉండడం ఆ షెడ్డులో ఎన్నడూ జరగలేదు. కళ్ళజోడు లాగి స్విచ్చి నొక్కింది. మిషను ఆగలేదు. వాళ్ళ జనరేటరు నుంచి నల్లటి వైరు నేల మీద పాములా వచ్చి, తిన్నగా మిషనుకే తగిలి ఉంది. ఒట్టి కళ్ళతో కోడలు ఇనుము మీద వంగి ఉంది. మూరెడు దూరంలో పాడే పిల్ల బొంగరంలా తిరుగుతోంది. దాని పైట మిషనుకి తగలబోయినప్పుడల్లా కోడలి చెయ్యి పక్కకి జరుగుతోంది, రవ్వలు పైకి లేస్తున్నాయి.

"కళ్ళజోడు పెట్టుకోవే!" అని అరుస్తూ మేస్త్రమ్మ దీపాల మధ్యలోకి దూసుకొచ్చింది. వైరు పట్టి ఊడబెరికింది.

చక్రం మూలుగుతూ ఆగింది. కోడలి కనుబొమ్మ కింద, రెప్పకి కాస్త పైన, ఆవగింజంత కాలిన మచ్చ.

"ఒక్క నిమిషమే అన్నారత్తయ్యా," అంది కోడలు.

మేస్త్రమ్మ చెయ్యి లేచింది. కొట్టలేదు. ఆ చెయ్యి బయటి కుర్చీ వైపు చూపించింది. "ఆ కుర్చీ కూడా ఒక్క నిమిషం పనికే పడిందే."

కుర్చీలోని మనిషి లేచి వచ్చి కోడలి కన్ను పరీక్షగా చూశాడు.

"సూపరమ్మా," అన్నాడు డైరెక్టరు కెమెరా పక్కనుంచి. "అసలైన కోపమంటే ఇదీ. ఇంకొక్కసారి అలాగే వస్తారా?"

అలాగే వచ్చింది, కెమెరా ముందుకి కాదు, అతని ముందుకి. పావుగంటలో దీపాలూ పెట్టెలూ పాడే పిల్లా పొగ మిషనూ అన్నీ వీధిలో ఉన్నాయి.

అయినా వీడియో వచ్చింది. అందులో కోడలివి చేతులు మాత్రమే ఉన్నాయి. మేస్త్రమ్మ ముఖం మాత్రం నిండుగా ఉంది: రెండు సెకన్లు, తేలే రవ్వల నడుమ నెమ్మదిగా తెరుచుకునే నోరు. మాట వినబడదు, దాని మీద ప్రేమపాట. వచ్చినవాడల్లా "ఏం నటించావమ్మా" అని మెచ్చుకోవడం, ఆవిడ ఒళ్ళు మండిపోవడం. ఒక మనిషి ప్రాణం పెట్టి అరిచిన మాటని చెరిపేసి నోటిని మాత్రం ఉంచుకున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం కోడలు ఫోను పెట్టేసి వచ్చింది.

"మా అమ్మ ఫోను, అత్తయ్యా. వీడియో చూసిందట. మీ అత్తగారు ఎవర్ని తిడుతున్నారే అంది."

"ఏం చెప్పావ్?"

"నన్నేనని చెప్పాను. అద్దాలు లేకుండా మిషను పట్టానని. తనూ ఇంకో రెండు తిట్టి, అప్పుడు నమ్మింది, మిషను పట్టేది నేనేనని."

మేస్త్రమ్మ స్విచ్చిబోర్డు దగ్గరికి నడిచింది. మేకుకున్న కళ్ళజోడు తీసి, దాని తాడు విప్పి, జానెడు గొలుసుతో మిషను పిడికే వేసి బిగించింది. ఇక ఏ వైరు ఎక్కడినుంచి తెచ్చినా సరే.

"ఆ మచ్చకి మందు రాశావా?"

"రాశానత్తయ్యా."

"రాస్తే మరి నిలబడ్డావేం? గేటు నేను రుద్దాలా?"