హన్నక్క తోడు ముక్క

నా కోపం సంగతి బసంత్‌నగర్ రోడ్డు మీద చాయ్ బండివాణ్ని అడిగినా చెబుతాడు. ఆ కోపమంతా ఒక మధ్యాహ్నం హన్నక్క మీద చూపించాను. తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది. అందుకే ఆమె గురించి నేనే చెప్పాలి.

హన్నక్కది గోదావరిఖని. భర్త మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన బదులు గని వర్క్‌షాపులో చేరింది. ఆడమనిషి కదా అని స్టోర్ రూములో కూర్చోబెట్టారు. గనివాళ్లు హాజరును మస్టర్ అంటారు. "ఊకె కూసుంటె పడే మస్టర్ నాకద్దు సార్" అని చెప్పి, పోయి గేర్లను కాల్చి గట్టిపరిచే ఫర్నేస్ దగ్గర నిలబడింది. ముప్పై ఏళ్లు అక్కడే. కాలిన ఇనుము రంగు చూసి వేడి ఎంతో చెప్పేది, మీటరు చూస్తే పది డిగ్రీలు అటూ ఇటూ. రిటైరయ్యాక బతిమాలి, గేర్లు చేసే నా చిన్న షెడ్డుకు తెచ్చుకున్నాను.

పనులు తగ్గి షెడ్డు మూతపడేలా ఉన్న రోజుల్లో హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆర్డరిచ్చింది. చిన్న విమానం రెక్క అంచును పైకీ కిందికీ కదిపే గేరు పెట్టెకు పన్నెండు వర్మ్‌లు, అంటే స్క్రూలాగా మర తిరిగిన పొట్టి కడ్డీలు, వాటితో తిరిగే పళ్ల చక్రాలు. ఇవి పాసైతే ఏడాది పొడవునా పని. కాకపోతే నేనూ నా ఎనిమిది మంది పనివాళ్లూ షట్టరు దించి ఇంటికే.

"విమానం కదక్కా, రెండూ గట్టి ఉక్కుతోనే చేద్దాం" అన్నాను.

నవ్వింది. "రెండూ మొండియైతె కాపురం ఎట్ల చేస్తయి తమ్మీ? ఒకదాన్నొకటి గీరుకొని సస్తయి. కడ్డి ఉక్కుది, చక్రం కంచుది. కడ్డికి గుడ పైపొరే గట్టిగుండాలె. లోపల మెత్తగుంటెనే దెబ్బకు ఓర్సుకుంటది."

నికెల్ కలిసిన ఉక్కు ఎంచింది. కడ్డీలను కట్టెబొగ్గు పొడి నింపిన ఇనుప డబ్బాలో పెట్టి ఫర్నేసులో కాల్చింది. బొగ్గు సారం పైపొరకు పడుతుంది, నూనెలో ముంచగానే ఆ పొర గట్టిపడుతుంది. ఎప్పటిలాగే, అదే ఉక్కుతో అదే మర తిప్పిన ముక్క ఒకటి వాటి పక్కన పెట్టింది. దాన్ని తోడు ముక్క అనేది. పని అయ్యాక దాన్ని విరగ్గొట్టి లోపల చూడందే దేన్నీ గడప దాటనివ్వదు.

పంపాల్సిన రోజు వచ్చింది. పైపొర గట్టిదనం కొలిచే మిషన్ మీద పన్నెండూ సరిగ్గా ఉన్నాయి. ఐదింటికి బండి. నేను పెట్టె సర్దిస్తున్నాను. హన్నక్క తోడు ముక్కను వైస్‌లో బిగించి సుత్తితో ఒక్కటేసింది. పుటుక్కున విరిగింది. విరిగిన చోటును వెలుతురుకు పట్టి చూసింది.

"ఆపు తమ్మీ. ఇయ్యి పోవద్దు."

లోపల మెత్తని ఉక్కు మిగల్లేదు. అంచు నుంచి నడుమ దాకా ఉప్పుగల్లులా మెరుస్తోంది. నాలుగు గంటలు చాలే పనికి ఆమె ఎనిమిది గంటలు ఉంచింది. గని అలవాటది. బొగ్గుదుమ్ములో గేర్లు జల్ది అరుగుతాయని ఆమె అక్కడ ఎప్పుడూ పొర మందంగా పట్టేలా కాల్చేది. ఆ లావు పళ్లకు అది మంచిదే. ఈ సన్న మరను అదే చెడగొట్టింది.

నేను మండిపోయాను. "మిషన్ పాసంటుంటె నీకేం నొప్పి? లోపల ఎవడు చూడొస్తడు? ముసల్దానివైనవ్, భయం పట్టుకున్నది నీకు!" ఎనిమిది మంది ముందు అన్నాను ఈ మాట.

హన్నక్క నా దగ్గరికి వచ్చింది. పెట్టెలోంచి ఒక వర్మ్ తీసి వైస్‌లో బిగించి, సుత్తి నా చేతికిచ్చింది. "కొట్టు. ఇరగకపోతె పంపు."

కొట్టాను. మర అంచు పెంకులా లేచి, నా చెంప పక్కనుంచి పోయి గోడకు తగిలింది.

"గనిల గేరు ఇరిగితె బండి ఆగుతది. గాలిల ఇరిగితె ఏడ ఆగుతరు?" అంది. నేను సుత్తి కింద పెట్టాను.

కంపెనీలో మా పని చూసే ఇంజనీరు హర్షిణికి ఫోన్ చేసి, కరెంటు పోయిందని చెప్పబోయాను. అక్క ఫోన్ లాక్కుంది. "కరెంటు గిరెంటు ఏం పోలె బిడ్డా. తప్పు నాదే, ఎక్కువ కాల్సిన. మీ మిషన్ల పాసైతయ్ గాని నేను పంప." అయిపోయింది, ఇక షట్టరు దించడమే అనుకున్నాను.

"మరి మీకెట్లా తెలిసిందమ్మా?" అని అడిగింది హర్షిణి. అక్క తోడు ముక్క సంగతి చెప్పింది. పది రోజుల గడువు దొరికింది. ఒకటే షరతు, విరగ్గొట్టిన తోడు ముక్క కూడా పెట్టెలో రావాలి.

రెండోసారి కొత్త కడ్డీలు, నాలుగు గంటలే. తోడు ముక్క ఒక్క దెబ్బకు లొంగలేదు. ఆరు దెబ్బలు తిని, వంగి, అప్పుడు విరిగింది. అంచున సన్నటి బూడిద రంగు పొర, లోపల పీచులా మెత్తని ఉక్కు. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను, దాచేదేముంది!

నెల తర్వాత ఏడాది ఆర్డరు కాయితం వచ్చింది. ఎనిమిది మందినీ పిలిచి, అందులో ఒక వరుస పెద్దగా చదివాను. ఫర్నేస్ పని హన్నా గారి చేతుల మీదుగానే జరగాలి, ఆమె సంతకం లేని పెట్టె తీసుకోం అని ఉంది. చదివి, అదే మనుషుల ముందు, "ఆనాడు నోరు జారిన. మాఫ్ చెయ్యక్కా" అన్నాను.

ఆమె కళ్లజోడు తుడుచుకుంది.

"అయితె రిటైరైనంక గుడ నాకు మస్టర్ పడ్డదన్నట్టు" అని ఫర్నేస్ వైపు నడిచింది.