ఇసుక దిబ్బకు పేరు

అరవై ఎనిమిది మాఘమాసంలో మా మిలిటరీ సర్వే పార్టీ విజయనగరం స్టేషన్‌లో దిగింది. అక్కణ్ణుంచి లారీలో సముద్రం ఒడ్డుకి. శ్రీకాకుళం తీరానికి కొత్త మ్యాపు తయారవుతోంది. కొలతలు సుబేదారుగారి పని, ఆయనది గఢ్వాల్. ఊళ్ల పేర్లు, గుర్తుల పేర్లు కనుక్కోవడం నా పని. తుపాకీ పట్టినవాడికి ఇదేం డ్యూటీ అని మొదట ఒళ్లు మండింది. నన్నే ఎందుకు వేశారంటే, మాది రాజాం. నాకన్నా ముందు వచ్చినవాళ్లు రెండు ఊళ్లకి 'ఏటి' అని పేరు రాసిపెట్టారు. హిందీలో ఊరిపేరు అడిగితే మావాళ్లు ఏమిటన్నట్టు "ఏటి?" అన్నారు, వీళ్లు రాసేసుకున్నారు.

పొద్దున్నే మంచు. పదింటికల్లా ఇసుక కాలేది. కోణాలు కొలిచే థియోడలైట్ పెట్టె వంతులవారీగా మోసేవాళ్లం. సాయంత్రం నాలుగింటికి ఆ రోజు పేర్లన్నీ వైర్‌లెస్‌లో క్యాంపుకి చెప్పాలి.

చివరిరోజు ఒక ఎత్తయిన ఇసుక దిబ్బ మిగిలింది. చేపల వేటకెళ్లిన తెప్పలు దాన్ని చూసుకునే ఒడ్డుకి వస్తాయి. మగవాళ్లు వేటలో ఉన్నారు, ఆడవాళ్లు చేపల గంపలతో సంతకి పోయారు. దిబ్బ మీద ఒకావిడ లాంతరు చిమ్నీ తుడుస్తూ కూర్చుంది. దిబ్బ పేరు అడిగాను.

"మా ఆయన దిబ్బ" అంది.

ఆయన పేరేమిటంటే తల దించుకుంది. ఆలస్యమైన తెప్పల కోసం ఆయన అక్కడ లాంతరు పెట్టేవాడట. అందుకే ఊరంతా దిబ్బని ఆయన పేరుతోనే పిలుస్తారట. కార్తీకం తుపానులో వేటకెళ్లి తిరిగి రాలేదు. గాజులు తీసెయ్యమని ఊళ్లో అన్నారు. ఆవిడ తియ్యలేదు.

"మొగుడి పేరెత్తితే ఆయుసు తగ్గుతాది బావూ. ఆయన రారని ఎవులు సెప్పినారు?"

ఇంతలో వైర్‌లెస్ మోగింది. "దిబ్బ పేరు చెప్పండి. లేకపోతే నంబరు వేసేస్తాం. ఓవర్."

ఆ మాట చెబితే ఆవిడ కంగారుపడింది. లాంతరు పక్కన పెట్టి అడిగింది.

"సిమ్మాచలం కొండ మీదున్న సామిని ఏటని పిలుస్తారు?"

"అప్పన్న" అన్నాను. అవునన్నట్టు తలూపి, కొంగుతో మొహం తుడుచుకుంది.

హోరుగాలికి క్యాంపువాళ్లకి పేరు వినపడలేదు. సుబేదారుగారు రిసీవర్ లాక్కుని పరేడ్ గొంతుతో అరిచారు. "అప్పన్న! అప్పన్న!"

ఆవిడ చటుక్కున లేచి సముద్రం వైపు తిరిగింది. తర్వాత నా దగ్గరకొచ్చింది.

"ఈ బావుని ఇంకోపాలి పిలవమను. నాను పిలవలేను కదా."

హిందీలో చెప్పాను. సుబేదారుగారు రిసీవర్ కింద పెట్టారు. దిబ్బ కొసకి ఎక్కి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, సముద్రం మీదికి ఊపిరున్నంత మేర పిలిచారు. మళ్లీ పిలిచారు. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు రైలెక్కాం. తర్వాత సరిహద్దులూ చూశాను, కాల్పులూ చూశాను. ఊళ్లో ఆ కబుర్లే అడుగుతారు, చెబుతాను. కళ్లముందు నుంచి పోనిది మాత్రం ఒకటే. పిలుపుకీ పిలుపుకీ మధ్య ఆవిడ చెయ్యెత్తి, మమ్మల్ని మాట్లాడొద్దని ఆపి, సముద్రం వైపు చెవి పెట్టి నిలబడింది.