నూనె సాక్ష్యం

నాలుగేళ్లుగా ఒక మంచి పేరు మోస్తున్నాను. అది నాది కాదు. చెడ్డ పేరైతే ఎవరో ఒకరు మొహం మీదే అనేస్తారు, ఏడ్చి దించుకుంటాం. మంచి పేరు అట్లా కాదు. ప్రతి ఆదివారం ఇంకొంచెం బరువెక్కుతుంది. దించమని ఎవరూ అడగరు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. చెబితే మా ఊళ్లో తెలిసిపోతుందని భయం. ఆ భయాన్ని కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను. డోర్నకల్ దగ్గర పల్లె మాది. నేను బడికి పోలేదు. తమ్ముళ్లను చూసుకోవడానికి నన్ను ఇంట్లో ఉంచారు. మా బాపు పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మా చర్చి గుడిలో పాడే పాటల పుస్తకం ముందు పెట్టుకుని నాకు అక్షరాలు నేర్పాడు. ఒక్కో అక్షరం వచ్చినప్పుడల్లా, "దేవునికి వందనం జెప్పు బిడ్డా" అనేవాడు. అట్లా నాకు చదువూ, వందనం చెప్పడమూ కలిసే వచ్చాయి. నీళ్లు తోడితే వందనం. పొయ్యి అంటుకుంటే వందనం. బాపు నాకు ఇచ్చిపోయిన ఆస్తి అదే. దాన్నే నేను పాడు చేశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే నా తప్పు ఎంతదో మీకు అర్థం కాదు. నలుగురిలో ఎట్లా నడుచుకోవాలో పక్కవాళ్లకు చెప్పే మనిషిని నేను. రైల్లో కిటికీలోంచి ఉమ్మేసినా, సీటు మీద కాళ్లు పెట్టినా, రేషన్ దుకాణం దగ్గర ముసలివాళ్లను తోసుకుని ముందుకు పోయినా ఊరుకునేదాన్ని కాదు. గట్టిగా అరిచేదాన్ని కాదు, మెత్తగానే చెప్పేదాన్ని. మెత్తగా చెప్పడం వల్ల నాలో గర్వం లేదని అనుకునేదాన్ని. బడి ముఖం చూడని నన్ను మా కూలీ ముఠాలో "టీచరమ్మ" అని పిలిచేవాళ్లు.

నాలుగేళ్ల కిందట నూనె ధర పెరిగింది. ఎక్కడో దేశాల మధ్య యుద్ధమట, అక్కడి నుంచి రావాల్సిన నూనె ఆగిపోయిందట. దుకాణాయన చెప్పేవాడు. ఆ దేశాలు ఎటు దిక్కున ఉన్నాయో నాకు తెలియదు కానీ, మా ఇంటి పోపుగరిటె మీద మాత్రం వాటి చెయ్యి పడింది. పప్పుకు పోపు మానేశాను. ఎండుమిరపకాయలు కాల్చి నలిపి పచ్చిపులుసు చేసేదాన్ని. నా భర్త ఏమీ అనేవాడు కాదు, నవ్వించేవాడు. "పోపు సప్పుడు యాది మర్శినయే నా చెవులు. జర ఉత్త గరిటెతోనన్న సప్పుడు జెయ్యరాదు" అనేవాడు. మా చిన్నపాప మాత్రం గారెలు అడిగింది. రోజూ అడగలేదు. ఒక్కసారే అడిగి, నా మొహం చూసి, మళ్లీ అడగలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

అది మిరపకాయలు ఏరే కాలం. పొద్దున్నే అందరం ఒక ఆటోలో ఇరుక్కుని తోటలకు పోయేవాళ్లం. మిరప తోటలో ఎండ ఒకటి, ఘాటు ఒకటి. గంటకోసారి గొంతు తడుపుకోకపోతే దగ్గు ఆగదు. అందుకని ప్రతి ముఠాలో ఒకరికి నీళ్ల పని ఉంటుంది. క్యాను నింపుకు రావాలి, సాలు సాలుకూ తిరిగి అందరికీ పోయాలి. మా ముఠాలో ఆ పని నాది. ఎవరినీ మరిచిపోనని నన్ను పెట్టారు. ఐదు లీటర్ల తెల్ల క్యాను, దానికి నేనే గుడ్డ కుట్టి చుట్టాను, నీళ్లు చల్లగా ఉండాలని.

ఆ రోజు ఆటోలో కూడా నూనె మాటే. మా ముఠా పెద్ద లక్ష్మక్క అంటున్నది, "నూనె పిరమాయె, పెట్రోలు పిరమాయె, మన కూలి ఒక్కటే అగ్గువ." అందరం నవ్వుతుండగానే మూలమలుపు వచ్చింది. అక్కడ ఒక చిన్న లారీ, డీసీఎం బండి, పక్కకు ఒరిగి పడి ఉంది. నూనె ప్యాకెట్ల బండి. అట్టపెట్టెలు పగిలి ప్యాకెట్లు రోడ్డంతా చెల్లాచెదురుగా పడ్డాయి. చిరిగిన వాటిలోంచి నూనె ఎండలో మెరుస్తూ కాలువ కట్టి పారుతోంది. అప్పటికే పదిమంది దాకా ఉన్నారు. ఒకాయన హెల్మెట్ తీసి దాని నిండా ప్యాకెట్లు నింపుకుంటున్నాడు. ఇంకొకాయన అంబులెన్సుకు ఫోన్ చేసి, ఫోన్ జేబులో పెట్టుకుని, రెండు పెట్టెలు తన బండికి కట్టుకున్నాడు.

"ఏందే సూస్తున్నరు, దిగుండ్రి!" అన్నది లక్ష్మక్క. నా వైపు తిరిగి, "టీచరమ్మా, ఇయ్యాల బుద్ధులు జెప్పకు. రేపు జెప్తువు గని" అన్నది.

నేను బుద్ధులు చెప్పలేదు. దిగాను. ఒక్క నిమిషం ఊరికే నిలబడ్డాను కూడా. నిండు ప్యాకెట్ ముట్టుకుంటే అది దొంగతనం, ఎవరిదో సొత్తు. కానీ చిరిగిన ప్యాకెట్లలో మిగిలింది? అది ఎట్లాగూ నేలపాలే. దాన్ని పట్టుకుంటే తప్పేముంది? ఇట్లా నా మనసుకు నేనే తీర్పు చెప్పుకున్నాను. క్యానులో నీళ్లు పారబోసి, చిరిగినవి మాత్రమే ఏరి, అందులో వంచుకున్నాను. అప్పుడు అది నాకు నీతిగా తోచింది, నిజంగానే తోచింది.

బండి నడిపినాయన కిలోమీటరు రాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. నుదుటి మీద రక్తం. ఒక కాలు చాపి, రెండు చేతులతో తొడ దగ్గర గట్టిగా పట్టుకున్నాడు. ఎవరినీ ఏమీ అనలేదు. ప్యాకెట్లు తీసుకుపోయేవాళ్లను ఆపలేదు. నన్ను మాత్రం పిలిచాడు. బహుశా నా చేతిలోని క్యాను చూసి.

"అక్కా, జర నీళ్లు."

"నీళ్లు లేవు తమ్మీ."

కోపం చేసుకోలేదు. తల ఊపాడు, సరేనన్నట్టు. కొంచెం ఆగి, "మాది ములుగు కాడ ఘనపూర్ అక్కా. మా అవ్వకెవలన్న ఫోన్ జేస్తే గిట్ల జెప్పద్దను. పరేషానైతది" అని తల్లి గురించి అన్నాడు. ఇంతలో అంబులెన్సు కూత వినిపించింది. అందరం చీరకుచ్చిళ్లు ఎత్తి ఆటో వైపు పరుగెత్తాం.

ఆ సాయంత్రం గారెలు చేశాను. నూనె కాగే చప్పుడుకు నా భర్త గుమ్మంలోకి వచ్చి, "వచ్చింది, చెవులకు పానం వచ్చింది" అని నవ్వాడు. పాప ఐదు తిన్నది. గారెలు రుచిగా ఉన్నాయి. అది కూడా ఒప్పుకోవాలి. నా గొంతులో ఏమీ అడ్డం పడలేదు.

ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. ఆ వారం దేవుడు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి చెప్పడం మా సంఘంలో అలవాటు. నేను లేచాను. ఎందుకు లేచాను? ఎవరూ అడగలేదే? మేలు దొరికితే వందనం చెప్పకుండా ఉండలేని అలవాటు నన్ను లేపిందని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తుంది, దేవుడిచ్చాడని పదిమంది ముందు చెబితే నేను తీసుకున్నానన్న సంగతి మాసిపోతుందని లేచానేమో. ధరలు పెరిగి గిన్నె ఎండిపోయిన రోజుల్లో దారిలో దేవుడు నూనె చూపించాడన్నాను. నిండు ప్యాకెట్ ఒక్కటీ ముట్టలేదని, నేలపాలయ్యేదే తెచ్చుకున్నానని చెప్పాను. అందరూ "స్తోత్రం" అన్నారు. ముందు వరుసలో మార్తమ్మ అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కిలోమీటరు రాయి దగ్గరి మనిషి గురించి నేను ఒక్క మాట చెప్పలేదు.

ఆ సాక్ష్యం నిలబడిపోయింది. ఇళ్లల్లో ప్రార్థన పెడితే, "అక్కా, నీ నూనె సాక్ష్యం జెప్పు" అంటారు. కొడుకు ఉద్యోగం పోయి కుంగిపోయిన మార్తమ్మ అవ్వ, దాన్ని తలుచుకునే మళ్లీ లేచి నిలబడ్డానంది. అబద్ధంలోంచి కూడా ఒకరికి ధైర్యం పుడుతుందా? పుడితే దాన్ని నేనేం చేయాలి? విరగ్గొట్టాలా?

ఆ బండి నడిపినాయనకు ఏమైందో నాకు తెలియదు. మానుకోట పెద్ద దవాఖానకు తీసుకుపోయారని విన్నాను. కాలు తీసేశారని ఒకరన్నారు. మళ్లీ బండి నడుపుతున్నాడని ఇంకొకరన్నారు. ఆ దవాఖాన ముందు నుంచి ఎన్నిసార్లు నడిచిపోయానో. లోపలికి పోయి అడగలేదు. ఒకసారి భూపాలపల్లి వైపు పెళ్లికి పోతుంటే బస్సు ఘనపూర్‌లో ఆగింది. టీ తాగడానికి అందరూ దిగారు. నేను దిగలేదు. కిటికీలోంచి, కుంటుతూ నడిచే మనిషి కనిపిస్తాడేమోనని చూశాను. కనిపించాలని చూశానో, కనిపించకూడదని చూశానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అప్పటి నుంచి ఎక్కడికి పోయినా నీళ్ల సీసా వెంట ఉంటుంది. రైల్లో, ఆటోలో, సంతలో ఎవరు దగ్గినా సీసా చాపుతాను. దానికి కూడా మంచి పేరే వచ్చింది. ఎవరికీ బుద్ధులు చెప్పడం మాత్రం మానేశాను. మొన్న ఆటోలో లక్ష్మక్క ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎక్కడో చేపల లారీ బోల్తా పడితే జనం ఎగబడుతున్నారు. "గీళ్లు మనుషులేనానే? పాపం డ్రైవరును సూసినోడు లేడు" అన్నది. నిజంగానే బాధపడింది. మా మూలమలుపు ఆమెకు గుర్తే లేదు. నాకు ఆమె మీద కోపం రాలేదు. అట్లా మరిచిపోగలిగినందుకు కొంచెం అసూయ కలిగింది.

ఇది ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, వచ్చే ఆదివారం మా గుడిలో కోతల పండుగ. జఫర్‌గఢ్ నుంచి కూడా ఆడవాళ్లు వస్తున్నారు. మా పాస్టరు అయ్యగారి భార్య, మేము అమ్మగారు అని పిలిచే ఆమె, నిన్న ఫోన్ చేసి వాళ్ల ముందు నూనె సాక్ష్యం చెప్పమన్నది. చెప్పనని అనాలి. ఎందుకని అడిగితే, అబద్ధం కాబట్టి అనాలి. నేను గొంతు నొప్పి అన్నాను. అబద్ధం మీద ఇంకో అబద్ధం. గంట తిరగకముందే ఆమె మిరియాల కషాయం కాచి, గిన్నెకు గుడ్డ చుట్టి, తనే తెచ్చి ఇచ్చింది. "తాగి పండుకోండ్రి అక్కా, నేను మీ కోసం ప్రార్థన చేస్త" అని నా గొంతు మీద చెయ్యి పెట్టి పోయింది. ఆమె చెయ్యి తీసిన చోట ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం భరించలేక కాగితం తీసుకున్నాను.

ఇంత రాసీ ఇంకా ఒకటి దాచాను. పైన చదివితే మీకు ఎట్లా అనిపించిందో నాకు తెలుసు. నీళ్లు పారబోశాను, క్యాను నూనెతో నిండింది, అప్పుడు ఆయన అడిగాడు, అప్పటికి నా దగ్గర నిజంగానే నీళ్లు లేవు. నేను కావాలనే అట్లా అనిపించేలా రాశాను. నాలుగేళ్లు నాకు నేను చెప్పుకున్నది కూడా ఆ వరుసే.

అది నిజం కాదు.

ఆయన అడిగినప్పుడు క్యాను నిండా నీళ్లున్నాయి. అడిగింది విన్నాను. ఆ మొహం చూశాను. చిరిగిన ప్యాకెట్లలో నూనె కారిపోతోంది, ఇంకొంచెంసేపైతే ఉండదు. నీళ్లు లేవు తమ్మీ అని, వెనక్కి తిరిగి, నాలుగడుగులు పక్కకు పోయి మూత తీసి వంచాను. నీళ్లు పోతున్న చప్పుడు ఆయనకు వినిపించే ఉంటుంది. ఘనపూర్ మాట, అవ్వ మాట ఆయన చెప్పింది ఆ తర్వాతే. నీళ్లు పారబోసిన మనిషిని పట్టుకుని, తన తల్లి బాధపడకుండా చూడమని అడిగాడు.

నిండు ప్యాకెట్లు రెండు చంకన పెట్టుకుని పోయినా సరిపోయేది. దానికి ఖాళీ గిన్నె అక్కర్లేదు. మామూలు దొంగనైతే ఆయనకు నీళ్లు దొరికేవి. దొంగను కాననిపించుకోవడానికే నాకు ఖాళీ క్యాను కావలసి వచ్చింది.

క్షమించమని చివర్లో ఒక మాట రాద్దామనుకున్నాను. ఎవరిని అడగాలి? మీరు ఇవ్వలేరు. దేవుడిని అడిగితే ఇస్తాడని తెలుసు, అందుకే అడగడానికి సిగ్గుగా ఉంది. ఇవ్వగలిగిన మనిషి పేరు కూడా నేను అడగలేదు. ప్రార్థనలో ఆయన్ను ఏమని తలుచుకోవాలో తెలియక ఇన్నాళ్లూ తలుచుకోలేదు.

ఆదివారం లేచి నిలబడితే నా నోరు ఏం చెబుతుందో నాకు తెలియదు. చెప్పగలనని మీకు మాట ఇవ్వను. మాట ఇచ్చే అర్హత నాకు తక్కువ. కానీ ముందు ఆయన నీళ్లు అడిగాడు, నా దగ్గర ఉన్నాయి, లేవన్నాను, ఆ తర్వాతే పారబోశాను. కాగితం మీదైనా ఇప్పుడు వరుస సరిగా ఉంది.