నేస్తాన్ని పేరు పెట్టి పిలిచిన కుసుమకుమారి

ఆమదాలవలస కుసుమకుమారి నవల మధ్యలో ఆపేసిందంటే, మొగుడు భాస్కర్ ఫోన్ లాగేసుకున్నాడని కొందరంటున్నారు. అదేం కాదు. భాస్కర్ ప్రతి భాగమూ అందరికంటే ముందు చదివి, పక్కింటివాళ్లకు కథ చెప్పేసి, పెళ్లాం చేత తిట్లు తినే మనిషి. ఇంకొందరేమో, నేస్తం కాపురం గుట్టు నవలకెక్కించిందనీ, అందుకే ఆ నేస్తం అలిగిందనీ అంటున్నారు. అలిగిన మాట నిజమే. గుట్టు కోసం మాత్రం కాదు.

స్టేషన్ రోడ్డులో కుసుమకుమారిది చిన్న ఫ్యాన్సీ షాపు. గాజులు తొడిగించుకోవడానికి చెయ్యి ఇచ్చిన ఆడమనిషి, ఆ చెయ్యి వెనక్కి తీసుకునేలోగా అత్తగారి సంగతో ఆడపడుచు సంగతో చెప్పకుండా వెళ్లదు. ఆవిడ అడిగే తీరు అలాంటిది. బేరాలు లేనప్పుడు ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని కథ చెబుతుంది. ఫోనే దాన్ని అక్షరాలు చేస్తుంది. తప్పులు దిద్దుకుని ఒక యాప్‌లో పెడుతుంది. అన్నీ పెళ్లిళ్లు, స్నేహాలు, తోడికోడళ్ల గొడవలే. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా ఆడవాళ్లు వంట మాడబెట్టుకుని మరీ చదువుతారు.

ఇక ఆ నేస్తం, భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డున చేపలమ్మే జగ్గమ్మ. పెళ్లిళ్లు కాకముందే ఇద్దరూ జగన్నాథస్వామి రథయాత్రలో ఒకరి చేత్తో ఒకరు ప్రసాదం తిని నేస్తం కట్టారు. ఈ వైపు నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం కాదు. కులాలు వేరైనా సరే, పెళ్లికీ చావుకీ ఒకరింటికొకరు బట్టలు పట్టుకెళ్లాలి. కట్టిన రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. బతికున్నన్నాళ్లూ "నేస్తం" అనాల్సిందే. పేరు నోట వచ్చిందా, ముడి తెగిపోయినట్టే.

నవలలో ఒక మొగుడూ పెళ్లాం దెబ్బలాడుకుని వానాకాలమంతా మాటలు మానేస్తారు. మొగుడు పిల్లితో అంటాడు: "పిల్లీ, ఆకలేస్తంది, మీయమ్మకి సెప్పు." పెళ్లాం కూడా పిల్లితోనే అంటుంది: "గిన్నిలో ఉన్నాది, ఎట్టుకు తినమను." అచ్చంగా జగ్గమ్మ, ఆమె మొగుడు కూర్మయ్యల కాపురమే అది. జగ్గమ్మకు చదువు రాదు. కూతురు ఉష ఫోన్లో చూసి పైకి చదువుతుంటే, చేపలు ఆరబెట్టే ఆడవాళ్లంతా చుట్టూ చేరి వింటారు. ఈ భాగానికి అందరికంటే ముందు నవ్వింది జగ్గమ్మే. కూర్మయ్య కూడా, "ఆ పిల్లి ఇప్పుడుంటే దానికీ ఇనిపిద్దుము" అన్నాడట.

తంటా వచ్చింది ఆ తర్వాతి భాగంతో. ఆ పెళ్లాం అలిగి స్నేహితురాలి ఇంటికొస్తుంది. స్నేహితురాలు ఆమెను లోపలికి పిలవాలి. అప్పటిదాకా పేరు లేని ఆ పెళ్లానికి కుసుమకుమారి ఏవేవో పేర్లు పెట్టి చూసింది. ఏది పెట్టినా ఆ మనిషి పరాయిదానిలా గుమ్మంలోనే నిలబడిపోతోంది. చివరికి షాపులో ఎవరూ లేనప్పుడు, ఫోన్లోకి మెల్లగా "జగ్గమ్మా!" అంది. ఇన్నేళ్లలో ఆ పేరు నోట రావడం అదే మొదలు. కథ గబగబా కదిలింది. రాసినదాన్ని పిలుపంటారా ఎక్కడైనా అని తనకు తనే సర్దిచెప్పుకుని, పెట్టేసింది.

ఆ మర్నాటి నుంచి జగ్గమ్మ ఫోన్ ఎత్తలేదు. కుసుమకుమారికి ఒకటే ఆరాటం. కూర్మయ్య ఏమన్నా అన్నాడా? పిల్లి సంగతి ఎవరైనా ఎగతాళి చేశారా? ఉండబట్టలేక భాస్కర్‌ను షాపులో కూర్చోబెట్టి, శ్రీకాకుళంలో బస్సు మారి, కొత్త ఎయిర్‌పోర్టుకు వేస్తున్న రోడ్ల దుమ్మంతా తిని వెళ్లింది.

జగ్గమ్మ ఇంటి ముందు చేపలు తిరగేస్తోంది. తలెత్తి చూసింది.

"ఏటి కుసుమకుమారీ, ఇలగొచ్చినావు?"

కుసుమకుమారి చెప్పులు విడిచి దగ్గరికొచ్చింది.

"అదేటి నేస్తం, పేరెట్టి పిలుస్తన్నావు?"

"నువ్వు పిలిసినావు, నానూ పిలిసినాను."

"పిల్లి సంగతి రాసినానని కోపమనుకున్నాను."

"దానికి నాకేటి కోపం? మా ఇంటోడి సంగతి ఎవులికి తెల్దు? మా అత్త సంగతి ఒగ్గేసినావు, అదీ రాయి. మొన్న ఇక్కడ అందరూ ఇంటా కూకున్నారు. నా కడుపున పుట్టిన గుంట, నీ మాటగా నన్ను జగ్గమ్మా అని సదివింది. నాతో సేపలారబెట్టే సుభద్రమ్మ ఏటందో ఎరుగుదువా? 'ఓలమ్మ, మీ నేస్తం ముడి తెంపేసినాదే' అని నవ్వింది. నాను మొకమెక్కడెట్టుకోవాల?"

"రాసినాను గాని, పిలిసినానేటి?"

"నోటితో సెప్తేనే గదా ఫోన్లో అచ్చరాలవుతాయి? నువ్వే సెప్పినావు."

ఇక దాచడానికేం లేదు. "అన్నాను నేస్తం. ఆ పేరెలగుంటాదో ఒక్కసారి అని సూడాలనిపించినాది."

జగ్గమ్మ చెయ్యి చేపల మీద ఆగింది. ఎంత కోపమున్నా అడక్కుండా ఉండలేకపోయింది. "ఎలగున్నాది?"

"బాగున్నాది."

"నీ పేరు అనాలని నాకూ ఎన్నిమార్లనిపించినాదో. అన్నానేటి?"

ఉష లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చి, "పిన్నీ, తాగు" అంది. జగ్గమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముడి తెగినోల్లు ఒకరింట ఒకరు నీల్లు తాగకూడదు. తాగితే మల్లీ కట్టడానికుండదు."

కుసుమకుమారి చెవికి ఆ చివరి మాటే పట్టింది. "అయితే కడతావేటి?"

"రథం కదిలిన నాడు రావాలనిపిస్తే వస్తాను. అందాకా నువ్వు రాకు, ఫోన్ సెయ్యకు. అప్పటికి నా మనసెలగుంటాదో నాకే తెల్దు, నీకేటి సెప్పను?"

కుసుమకుమారి ఇంటికొచ్చి, నవలలో ఆ పేరున్న చోటల్లా తీసేసి "నేస్తం" అని పెట్టింది. అక్కడితో ఆగిపోయింది. ఎందుకే అని భాస్కర్ అడిగితే, "నవల్లో ఆ నేస్తాలిద్దర్నీ ఇప్పుడే కలిపేస్తే అబద్ధం. కలపకపోతే అపశకునం. నానేటి రాయను?" అంది.

చదివేవాళ్లు ఇదంతా ఎరగరు కదా, తరువాయి ఎప్పుడని రోజూ మెసేజీలు పెడుతున్నారు. ఆవిడ చూసి ఫోన్ బోర్లా పెట్టేస్తోంది. షాపు తీస్తోంది గానీ, కూర్చున్నచోటే కూర్చుంటోంది. రథయాత్రకు ఇంకా వ్యవధి ఉంది. మీరెవరైనా ఆమదాలవలసలో రైలు దిగితే, స్టేషన్ రోడ్డులోకి ఒక్క అడుగు వేసి ఆవిడ ఎలా ఉందో చూడండి. నవల సంగతి ఎత్తకండి, జగ్గమ్మ సంగతి అసలే వద్దు. వేళకు తింటోందో లేదో కనుక్కుని, కాసేపు కూర్చుని రండి.